ఏ పంటికి ఏ తొడుగు?

రూట్ కెనాల్ అయిపోయింది. నొప్పి తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే డాక్టరుగారు ఇంకో ప్రశ్న వేస్తారు. "క్యాపు ఏది వెయ్యమంటారమ్మా? సెరామిక్కా, జిర్కోనియానా?"

బోగోలు నుంచి కావలికో నెల్లూరుకో బస్సెక్కి, దవడ పట్టుకుని వెళ్ళిన మనిషికి ఆ నిమిషంలో ఏం తోస్తుంది చెప్పండి! పక్క కుర్చీలో కూర్చున్నావిడ "ఏందక్కా ఆలోచన, ఖరీదుదే వేయించుకో, మళ్ళీ మళ్ళీ చేయించుకునేదా ఏంది" అంటుంది. ఇంటాయన ఫోన్లో "తక్కువలో ఏదుంటే అది కానీ" అంటాడు. ఇద్దరిలో ఎవరూ ఆ పన్ను చూసి చెప్పలేదు. పన్ను ముందుదా, నమిలేదా? దానిలో ఇంకా ఎంత మిగిలుంది? రాత్రిళ్ళు పళ్ళు నూరే అలవాటుందా? తొడుగు ఎంచుకోవాల్సింది వీటిని బట్టి. అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. "ఈ తొడుగు కోసం నా పన్ను ఎంత అరగదీస్తారు?" అని. అరగదీసిన ఎనామిల్ గోరులా, జుట్టులా మళ్ళీ పెరగదు.

పేరొకటే, సరుకు మూడు రకాలు

మన వైపు "సెరామిక్ క్యాపు" అంటే చాలాచోట్ల పూర్తిగా సెరామిక్ కాదు. లోపల పల్చటి లోహపు టోపీ ఉంటుంది. దాని మీద పింగాణీ పూత. 1960లలో అమెరికాలో పేటెంటు పొందిన పద్ధతి ఇది. పాతదని తీసిపారెయ్యనక్కర్లేదు. నమిలే పళ్ళ మీద ఏళ్ళ తరబడి నిలబడుతుంది, ధరా తక్కువే. లోటల్లా ఏమిటంటే, లోహం రంగు కనబడకుండా ముందు ఒక మసక పూత వెయ్యాలి. దాంతో వెలుగు లోపలికి పోదు. ముందు పన్నుకి వేస్తే సున్నం కొట్టిన గోడలా తెలిసిపోతుంది. వయసుతో చిగురు జారితే అంచున నల్లగీత బయటపడుతుంది. లోహానికీ పింగాణీకీ రెండింటికీ చోటు కావాలి కాబట్టి పన్నుని ముందు వైపు ఒకటిన్నర, నమిలే వైపు 2 మిల్లీమీటర్ల దాకా అరగదియ్యాల్సి వస్తుంది.

రెండోది గాజు జాతి. దీంట్లో అచ్చమైన దంత పింగాణీకి మూలం ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ రాళ్ళ పొడి. మన గూడూరు, సైదాపురం గనుల్లో అభ్రకంతోపాటు బయటపడే రాళ్ళే ఇవి. పళ్ళకి వాడేది బాగా శుద్ధి చేసిన పొడి అనుకోండి, జాతి మాత్రం అదే. అందంలో దీన్ని మించింది లేదు. బలం తక్కువ. దీనికి గట్టి అక్కలాంటిది లిథియం డైసిలికేట్. 2005 నుంచి వాడుకలో ఉన్న "ఈ-మ్యాక్స్" అనే రకం ఇదే. వెలుగుని నిజం పన్నులాగే లోపలికి పోనిస్తుంది, పింగాణీకి మూడు నాలుగు రెట్లు గట్టిది.

మూడోది జిర్కోనియా. దీని పుట్టిల్లు జిర్కాన్ అనే ఖనిజం. మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో అదీ ఉంది. లాబ్‌లో సుద్దముక్కలా మెత్తగా ఉన్న దిమ్మని కంప్యూటర్ మర చెక్కుతుంది. తర్వాత కొలిమిలో 1,500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలాక అది సుమారు ఐదో వంతు కుంచించుకుపోతుంది, అందుకని ముందే ఆ మేరకు పెద్దగా చెక్కుతారు. ఇంజనీర్ల లెక్కలో చెప్పాలంటే మామూలు పింగాణీ బలం 100 మెగాపాస్కల్స్ దరిదాపుల్లో ఉంటే, లిథియం డైసిలికేట్‌ది 400 దాకా, జిర్కోనియాది 1,000 దాకా ఉంటుంది.

ఇక్కడే ఒక తిరకాసుంది. ఆ 1,000 పాత రకం, పాలతెలుపు జిర్కోనియాది. ముందు పళ్ళకి బాగుండాలని ఈమధ్య వచ్చిన, వెలుగు పోనిచ్చే రకం జిర్కోనియా బలం అందులో సగానికి కాస్త అటూఇటూ. రెండిటినీ జిర్కోనియా అనే అంటారు. అందుకని "జిర్కోనియా" అనగానే తల ఊపెయ్యకుండా "నమిలే పంటికి వేసేదా, ముందు పంటికి వేసేదా?" అని అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టర్లు తక్కువే.

స్థూలంగా చెప్పాలంటే, వెనక దంతానికి పాలతెలుపు జిర్కోనియా గానీ లోహం మీద పింగాణీ గానీ సరిపోతుంది. జిర్కోనియా పల్చగా ఉన్నా నిలబడుతుంది కాబట్టి పన్ను తక్కువ అరుగుతుంది. ముందు పంటికి లిథియం డైసిలికేట్ బాగుంటుంది. అయితే రూట్ కెనాల్ అయ్యి నల్లబడిన ముందు పంటికి మరీ పారదర్శకంగా ఉండే తొడుగు పనికిరాదు. పల్చటి చీరలోంచి లంగా రంగు కనబడినట్టు లోపలి నలుపు బయటికొస్తుంది.

గిల్టు కమ్మలు పడవా?

గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు దురద పెట్టి, చీము పట్టే వాళ్ళు మనలో ఎంతమంది లేరు! చాలాసార్లు ఆ పడకపోవడం నికెల్ అనే లోహానికి. గడియారం వెనక బిళ్ళ తగిలినచోట, జీన్స్ బొత్తం తగిలినచోట దద్దురు వచ్చేదీ ఎక్కువగా దీనివల్లే. చవక రకం లోహపు క్యాపుల్లో తరచుగా ఉండేది నికెల్-క్రోమియం మిశ్రమం. గిల్టు పడని ప్రతివాళ్ళకీ నోట్లో ఇబ్బంది వస్తుందని కాదు. కానీ క్యాపు వేసిన చోట చిగురు ఎర్రగా వాచి, ఎంత శుభ్రం చేసినా తగ్గకపోతే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

దంతవైద్యుడు మన కమ్మల గురించి అడగరు. మనమే చెప్పాలి. చెబితే నికెల్ లేని కోబాల్ట్-క్రోమియం మిశ్రమమో, జిర్కోనియానో సూచిస్తారు. ధర ఎక్కువైనా ఇలాంటివాళ్ళకి ఆ ఖర్చు దండగ కాదు.

నోటికి అడ్డం పెట్టుకునే కొంగు

ఇక ముందు పళ్ళ సంగతి. నెల్లూరు జిల్లాలో ఈ మాట ఎత్తితే ఫ్లోరైడ్ గురించి చెప్పకుండా కుదరదు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ని గుర్తించి వైద్య పత్రికకెక్కించింది ఇక్కడి జనాన్ని చూసే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా మీద ఆ వ్యాసం ప్రచురించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల కథ అది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి, కనిగిరి నెల్లూరు కిందివే. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలోనూ ఈ నీళ్ళ బాధ ఉంది. ఆ మెట్ట నుంచి తీరం వైపు కోడళ్ళుగా వచ్చినవాళ్ళని చూస్తే తెలుస్తుంది. నవ్వొస్తే ముందు కొంగు నోటికి అడ్డం వస్తుంది.

పన్ను చిగుట్లో తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితేనే ముందు పళ్ళ మీద ఈ మచ్చలు పడతాయి. పెద్దయ్యాక తాగితే ఎముకలకి చేటు గానీ పళ్ళకి కొత్తగా మచ్చ రాదు. ఎంత తోమినా పోదు కూడా. పిల్ల సరిగ్గా తోముకోదని అనేవాళ్ళకి ఈ ముక్క చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ఈ మచ్చలకి అందరికీ తెలిసిన మందు వెనీర్. పంటి ముందు వైపు మాత్రం అతికించే పల్చటి సెరామిక్ రేకు. అర మిల్లీమీటరు అటూఇటూ మందం ఉంటుంది. 1930 ప్రాంతంలో హాలీవుడ్ తారల కోసం చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు మొదలుపెట్టాడు. షూటింగ్ అయ్యేదాకా నిలిచేలా పొడితో అంటించేవాడు, అంతే. 1955లో బ్యూనోకోర్ ఎనామిల్‌ని ఆమ్లంతో గరుకు చేసే కిటుకు కనిపెట్టాడు. ఆ కిటుకు ఆధారంగా 1980లలో రేకు శాశ్వతంగా అతికే పద్ధతి వచ్చింది. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు, జిగురు పట్టాలంటే కాస్త ఎక్కువసేపు ఉంచాలి. ఇలాంటి పళ్ళు చేసి అలవాటున్న డాక్టరు దగ్గరికి వెళ్ళమనేది అందుకే.

అయితే మచ్చ కనబడగానే వెనీర్ దాకా పోనక్కర్లేదు. పైపైన ఉన్న గోధుమరంగు మచ్చలు ఆమ్లం కలిపిన రాతిపొడితో రుద్దితే చాలావరకు పోతాయి. దాంతోపాటు తెల్లబరిచే మందు వాడతారు. సుద్దలాంటి తెల్లమచ్చల్లోకి రెజిన్ ఇంకించే పద్ధతీ ఉంది. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలితే అప్పుడు వెనీర్. ఎనామిల్ గుంటలు పడి, చెక్కలు లేచిపోయిన పళ్ళకి మాత్రం మొదటే అవసరం కావచ్చు.

బాధ కలిగించేది ఇంకొకటి. సంబంధం కుదురుతుంది. ముహూర్తం నెలలో ఉంటుంది. ఇరవై రెండేళ్ళ పిల్లకి ముందు పళ్ళు ఆరింటినీ చుట్టూ అరగదీసి క్యాపులు తొడిగిస్తారు. ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్సెన్ అనే పరిశోధకులు తూచి చూశారు. పూర్తి క్యాపుకోసం పైకి కనబడే పన్నులో మూడింట రెండు వంతుల దాకా పోతుందనీ, వెనీర్‌కి అయితే ఎక్కువలో ఎక్కువ మూడో వంతు లోపేననీ తేల్చారు. చిన్న వయసులో పంటి లోపలి నరం గది పెద్దగా ఉంటుంది. అంత లోతుగా గీస్తే నరం దెబ్బతిని, ఆరోగ్యంగా ఉన్న పంటికి రూట్ కెనాల్ చెయ్యాల్సి రావచ్చు. ఏ క్యాపూ జీవితాంతం ఉండదు. పదిహేనేళ్ళకొకసారి మార్చినా ఆ పిల్ల బతుకంతా ఎన్నిసార్లు? మచ్చ పంటికి జబ్బు కాదు. పెళ్ళివాళ్ళ తొందరకి పన్ను బలి ఇవ్వకండమ్మా.

వంతెన కట్టే ముందు

ఒక పన్ను ఊడితే అటూ ఇటూ ఉన్న రెండింటినీ అరగదీసి, మూడూ కలిపి బ్రిడ్జి కడతారు. ఆ రెండింటికీ ముందే పెద్ద సిమెంట్లో, రూట్ కెనాలో ఉంటే బ్రిడ్జి మంచి ఉపాయమే. చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం ఇంప్లాంట్ గురించీ, తీసి పెట్టుకునే పళ్ళ గురించీ అడిగాకే ఒప్పుకోండి. ముందు పన్ను ఒక్కటే పోతే, పక్క పంటి వెనక రెక్కలా అతికించే బ్రిడ్జి కూడా ఉంది. దానికి అరగదీసేది నామమాత్రం.

నమిలేచోట మూడు పళ్ళ బ్రిడ్జికి జిర్కోనియా, లేదా లోహం మీద పింగాణీ. లిథియం డైసిలికేట్ అక్కడ పనికిరాదు, ముందు వైపు చిన్న బ్రిడ్జిల వరకే దాని హద్దు. బ్రిడ్జి విరిగేది ఎక్కువగా రెండు పళ్ళు కలిసే మెడ దగ్గర. అందం కోసం ఆ మెడ సన్నం చెయ్యమని పట్టుబట్టకండి.

జిర్కోనియా గట్టిది కదా, ఎదుటి పన్నుని అరగదీస్తుందేమో అని కొందరి భయం. నున్నగా మెరుగుపెట్టిన జిర్కోనియా ఎదుటి పంటికి పెద్దగా చేటు చెయ్యదు. గరుకుగా వదిలేసిందే అరగదీస్తుంది. క్యాపు అతికించాక "ఎత్తుగా ఉంది డాక్టర్" అని మనం అంటే అక్కడికక్కడ కొంచెం గీకుతారు. గీకినచోట మళ్ళీ మెరుగు పెట్టారో లేదో అడగండి.

జిర్కోనియా క్యాపుతో కొన్నిటికి పదేళ్ళు, పదిహేనేళ్ళు అని గ్యారంటీ కార్డు ఇస్తారు. అది తొడుగుకి గానీ లోపలి పంటికి కాదు. తొడుగు అంచున చిగురు దగ్గర పాచి పేరుకుంటే లోపల పన్ను పుచ్చుతుంది, పైన జిర్కోనియా నిక్షేపంలా ఉంటుంది. బ్రిడ్జి కిందికి మామూలు బ్రష్ పోదు. సన్నటి పళ్ళసందు బ్రష్ కొనుక్కుని రోజూ రాత్రి తొయ్యాలి. కార్డు పారెయ్యకుండా బిల్లు మీద సరుకు పేరు, రకం రాయించుకోండి. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు దగ్గర అవసరపడుతుంది.

రంగు ఎంచే రోజున లిప్‌స్టిక్ వేసుకోకుండా, పగటిపూట వెళ్ళండి. ట్యూబులైటు కింద కాకుండా కిటికీ దగ్గర కూర్చుని చూపించుకోండి. పన్ను అరగదీయక ముందే రంగు చూడమనండి. నోరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి అసలుకన్నా తెల్లగా కనబడతాయి, లాబ్‌కి తప్పు రంగు వెళుతుంది. మరీ తెల్లది అడగకండి, పక్క పళ్ళు పసుపుగా కనబడతాయి. అతికించేముందు ఒకసారి ఊరికే పెట్టి అద్దం ఇమ్మనండి. గట్టిగా అతికాక మార్చాలంటే కోసి తియ్యడమే.