నెట్ ఉందా, లేదా? తెర నిజం చెప్పాలి

నేటి కంప్యూటర్ యుగంలో స్కాలర్‌షిప్ దరఖాస్తు మొదలు హాల్ టికెట్ వరకు అన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి. చివరి తేదీనాడు రోలుగుంటలో కూర్చుని దరఖాస్తు నింపుతుండగా పేజీ ఆగిపోతే “నెట్ లేదు” అని లేచి వచ్చేస్తాం. కానీ ఆ ఒక్క మాటలో మూడు వేరువేరు జబ్బులు ఉన్నాయి.

మొదటిది, మన ఫోనుకూ వైఫై పెట్టెకూ మధ్య సంబంధం తెగడం. రెండవది, ఆ పెట్టెకూ బయటి ప్రపంచానికీ మధ్య తెగడం. మూడవది, అన్నీ బాగున్నా అవతలి సర్వర్ పలకకపోవడం. ఫోను మీది వైఫై గీతలు మొదటిదాని సంగతే చెబుతాయి. అందుకే గీతలు నిండుగా ఉన్నా ఒక్కోసారి పేజీ తెరుచుకోదు.

దీన్ని కనిపెట్టడానికి 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ ‘పింగ్’ ప్రోగ్రాం రాశారు. “ఉన్నావా?” అని చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూడటమే దాని పని. విండోస్ కూడా మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న ఫైలు తెప్పించి, అది సరిగా వస్తేనే నెట్ ఉందని చూపుతుంది.

కనిపెట్టడం సగం పని. అర్థమయ్యేలా చెప్పడం మిగతా సగం. 2017 డిసెంబర్ 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు వచ్చాయి. ఫైబర్ పెట్టె మీద ‘ఎల్.ఓ.ఎస్.’ దగ్గర ఎర్ర లైటు వెలిగితే తీగ తెగిందనో, ఊడిందనో అర్థం. తెలియనివారికి అది ఒట్టి ఎర్ర చుక్క. అదే తెర మీద “బయటి లైను తెగింది. ఉదయం 10.20 నుంచి నెట్ లేదు. ఆపరేటరుకు ఫోన్ చేయండి. మీరు నింపిన వివరాలు భద్రంగా ఉన్నాయి” అని తెలుగులో ఉంటే ఎంత ధైర్యం!

కాబట్టి మంచి తెర నాలుగు సంగతులు చెప్పాలి: ఎక్కడ తెగింది, ఎప్పటినుంచి, ఏం చేయాలి, మన పని ఏమైంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పోల్చలేనివారూ ఉంటారు కనుక రంగుతోపాటు మాట కూడా ఉండాలి. ఒక్క పింగ్ తప్పగానే కంగారుపెట్టకుండా, వరుసగా మూడు తప్పాకే హెచ్చరించాలి.

ప్రోగ్రామింగ్ నేర్చుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వైఫై పెట్టె, బయటి లైను, వెబ్‌సైటు... ఈ మూడింటినీ అర నిమిషానికోసారి పరీక్షించి మూడు వరుసల్లో చూపే చిన్న ప్రాజెక్టు చేసి చూడండి. కొన్ని సర్వర్లు పింగ్‌కు జవాబివ్వవు కనుక వెబ్‌సైటును మాత్రం పేజీ తెరిచి పరీక్షించండి. మనలో చాలామంది ఇళ్లలో అడిగితే చెప్పే పెద్దలు లేరు. అందుకే తెరే చెప్పాలి. ఆ తెరను తయారుచేసేవాళ్లు మనలోంచే రావాలి.