పట్టిన తీగల్లా సరైన తీగ కాదు: కంప్యూటర్ బిగించేవాళ్లకు

బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, ముంబై లామింగ్టన్ రోడ్డులోనో విడిభాగాలు కొని, ఇంట్లోనే కంప్యూటర్ బిగించే పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. ప్రాసెసర్, ర్యామ్ సంగతి వాళ్లకు మేం చెప్పక్కర్లేదు. కరెంటు తీగల సంగతి మాత్రం చెప్పాలి.

మదర్‌బోర్డుకు రెండు తీగలు కావాలి. 24 పిన్నుల పెద్దది అందరికీ కనిపిస్తుంది. ప్రాసెసర్‌కు పైమూలన ఉండే 8 పిన్నులదే మరిచిపోతారు. అది పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు.

గ్రాఫిక్స్ కార్డు తీగకూ 8 పిన్నులే. కానీ రెండూ ఒకటి కావు. ప్రాసెసర్ తీగ 4+4గా విడుతుంది, కార్డుది 6+2గా. 12 వోల్టులు వచ్చే వరుస ఒకదానికొకటి తలకిందులు. ప్లగ్గు మీద సీపీయూ అనో పీసీఐఈ అనో రాసి ఉంటుంది, చదవండి. దూరకపోతే బలవంతం చేయొద్దు. కొత్త పెద్ద కార్డుల 16 పిన్నుల ప్లగ్గయితే సందు కనిపించకుండా పూర్తిగా లోపలికి నొక్కాలి. సగం దిగిన ప్లగ్గులు వేడెక్కి కరిగిన సందర్భాలు 2022 నుంచీ ఉన్నాయి.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లో తీగలు రెండు చివర్లా ఊడతాయి. మదర్‌బోర్డు, డిస్కుల వైపు చివర అందరిదీ ఒకే పద్ధతి. ఎస్‌ఎంపీఎస్ వైపు చివర ఏ పిన్నులో ఏం రావాలన్నది తయారీదారు ఇష్టం. ఒకే కంపెనీ రెండు మోడళ్లకే తేడా ఉండొచ్చు. అందుకే పాత తీగ కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు చక్కగా పడుతుంది, 5 వోల్టులు రావలసిన చోటికి 12 వోల్టులు పంపుతుంది. స్విచ్చి వేసిన క్షణంలో హార్డ్‌డిస్కు పోతుంది. కొత్త డిస్కు డబ్బు పెడితే దొరుకుతుంది. అందులోని పెళ్లి ఫొటోలు, అమ్మమ్మ నోట రికార్డు చేసిన పాటలు ఏ దుకాణంలో దొరుకుతాయి?

కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మారిస్తే తీగలన్నీ మార్చాల్సిందే, క్యాబినెట్‌లో పాతవి ఎంత అందంగా కట్టి ఉన్నా సరే. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే దాని సొంత తీగలతోనే కొనండి. దుకాణదారు “ఎల్లా ఒందే సార్” అన్నా, “ఎల్లాం ఒణ్ణుదాన్” అన్నా నమ్మొద్దు. విప్పిన తీగలను కట్టగా కట్టి, ఏ మోడల్‌వో చీటీ రాసి అంటించండి.