కొలిచి మరీ కోస్తుంది

మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనిపెట్టినందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024 అక్టోబరులో వైద్య నోబెల్ ప్రకటించగానే ఎక్కడ చూసినా ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క తయారీని చూపే ఒకే తరహా బొమ్మ. పొడవాటి ఆర్‌ఎన్‌ఏను కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము ఓసారి కోస్తుంది, బయటికి వచ్చాక డైసర్ రెండోసారి కోస్తుంది. బొమ్మలో తప్పేం లేదు, కాకపోతే అది జంతువుల కథ. మొక్కల్లో డ్రోషా అసలు లేనే లేదు!

మొక్కలో రెండు కోతలూ డీసీఎల్1 అనే ఒకే ఎంజైము వేస్తుంది, అదీ కేంద్రకంలోనే. జన్యువు నుంచి నకలుగా వచ్చిన ఆర్‌ఎన్‌ఏ తన మీద తానే మడుచుకుని, జత కుదిరిన కాడగా, కొసన చిన్న ఉచ్చుగా నిలబడుతుంది. అసలు ముచ్చట ఇక్కడే మొదలు.

ఆ కాడలో అక్కడక్కడా అక్షరాలు జత కుదరక ఉబ్బుగా ఉంటాయి. చాలా మైక్రో ఆర్‌ఎన్‌ఏల విషయంలో అడుగున ఉన్న ఉబ్బే ఆనవాలు. అక్కడి నుంచి పైకి దాదాపు 15 అక్షరాలు కొలిచి డీసీఎల్1 మొదటి కోత వేస్తుంది. తెగిన కొస నుంచి ఇంకో 21 కొలిచి రెండోది. 21 దగ్గర ఆగమని ఆర్‌ఎన్‌ఏ మీద ఎక్కడా రాసి లేదు. కొసను పట్టుకునే భాగానికీ కోసే భాగానికీ మధ్య ఎంజైములో ఉన్న దూరమే కొలబద్ద. తోబుట్టువు డీసీఎల్3 కొలత వేరు, అది 24 అక్షరాల ముక్కలు ఇస్తుంది.

మిర్319 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ దగ్గరకొస్తే అంతా తలకిందులు. ఉచ్చు వైపు నుంచి అడుగుకు దిగుతూ ఏకంగా నాలుగు కోతలు పడతాయని 2009లో తేలింది. ఈ మిర్319 మోతాదు మించితే అరాబిడాప్సిస్ మొక్క ఆకులు ముడతలు పడిపోతాయి.

ఈ డీసీఎల్1ను మొదట ఎవరూ సరిగ్గా గుర్తుపట్టలేదు. అది పాడైన మొక్కల్లో పిండాన్ని చూసినవాళ్లు సస్పెన్సర్1 అన్నారు, అండకవచాలను చూసినవాళ్లు షార్ట్ ఇంటెగ్యుమెంట్స్1 అన్నారు, పువ్వును చూసినవాళ్లు కార్పెల్ ఫ్యాక్టరీ అన్నారు. అన్నీ ఒకే జన్యువని తేలాక, 2002లో రాసిన సమీక్షకు గుడ్డివాళ్లూ ఏనుగూ కథనే శీర్షికలో పెట్టుకున్నారు. ఆ నిజాయితీ మెచ్చుకోదగ్గదే. తర్వాత ఇంకో పొరపాటు: జంతువుల్లో ఎక్స్‌పోర్టిన్-5 కేంద్రకం నుంచి బయటికి చేసే రవాణాను మొక్కల్లో హేస్టీ అనే ప్రోటీన్ చేస్తుందనుకున్నారు. అదే నిజమైతే హేస్టీ పాడైన మొక్కల్లో ముక్కలు కేంద్రకంలో పేరుకుపోవాలి. పేరుకోలేదు.

రెండు కోతలతో తెగి వచ్చిన రెండు పాయల జంట కొసలకు హెన్1 అనే ఎంజైము మిథైల్ గుంపును అతికిస్తుంది. అది లేకపోతే ముక్క చివర యూ అక్షరాలు చేరి, ముక్క శిథిలమవుతుంది. అలా నిలిచిన జంటలో ఒక పాయ ఏజీఓ1 అనే ప్రోటీన్‌లో ఇమిడి, తనతో దాదాపు పూర్తిగా సరిపోయే సందేశ ఆర్‌ఎన్‌ఏను తెగ్గొట్టిస్తుంది.

దీనితో ఉపయోగమేమిటని అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు. వాళ్ల కోసం ఒక్కటి: పటాన్‌చెరులోని ఇక్రిశాట్ బృందం, ఈ కుటుంబానికే చెందిన మరో రకం చిన్న ఆర్‌ఎన్‌ఏలతో, వేరుశనగకు పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ తయారీ జన్యువులను అణచివేసింది. ఆ ముక్కలను జన్యుమార్పిడి చేసిన వేరుశనగే తయారుచేసి బూజుకు అందిస్తుంది.