ఆరు కిలోమీటర్ల లెక్క

సెల్‌ఫోన్లో రెండు గీతల సిగ్నల్ కనబడుతుంది, కాల్ మాత్రం కలవదు. పలాస, టెక్కలి మీదుగా సాగే హైవే దిగి, సముద్రం వైపు ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల్లోకి వెళ్లేకొద్దీ ఈ ఫిర్యాదుకు ఆస్కారం ఎక్కువ. టవరుకు దూరంగా, చెట్ల కింద ఉన్న ఎవరికైనా ఇదే పరిస్థితి, ఎందుకంటే తడి ఆకులు రేడియో తరంగాలను మింగేస్తాయి. అయితే అసలు చిక్కు ఇంకొకటి ఉంది. టవరు పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. మామూలు ఫోను పంపగలిగేది 200 మిల్లీవాట్లు, అంటే వాటులో అయిదో వంతు. మైకులో పిలిచినవాడి మాట ఊరంతా వినబడుతుంది గానీ, ఊరి చివర నుంచి బదులు పలికినవాడి గొంతు మైకు దాకా రాదు. గీతలు కనబడ్డాయంటే టవరు మాట మనకు చేరిందని అర్థం. మన మాట టవరుకు చేరిందో లేదో ఆ గీతలు చెప్పవు. ఫోను గొంతు ఎంత దూరం చేరాలన్న ప్రశ్న మొదట తేలేది కంపెనీల ఆఫీసుల్లోనో ఢిల్లీలోనో కాదు, ప్రమాణాలు రాసే వర్కింగ్ గ్రూపుల్లో.

మొబైల్ ప్రమాణాలను రాసే 3జీపీపీ 1998 డిసెంబరులో మొదలైంది. యూరప్, అమెరికా, జపాన్, కొరియా, చైనా, భారత్‌లకు చెందిన ఏడు ప్రమాణ సంస్థలు ఇందులో భాగస్వాములు. రేడియో తరంగాల రూపం తేల్చేది ఒక వర్కింగ్ గ్రూపు, నెట్‌వర్క్ నిర్మాణం చూసేది మరొకటి. చిప్‌లు, ఫోన్లు, టవరు పరికరాలు తయారుచేసే కంపెనీల ఇంజినీర్లు ప్రతి సమావేశానికీ ప్రతిపాదనలను పత్రాలుగా రాసి, కంప్యూటర్ సిమ్యులేషన్ ఫలితాలతో సహా తెస్తారు. ఒకరి లెక్కను ఇంకొకరు తప్పుపడతారు, కాఫీ విరామంలో బేరాలు సాగుతాయి, చివరికి ఏకాభిప్రాయం కుదిరిన వాక్యమే నిబంధన అవుతుంది. ఓటింగ్ అరుదు. జరిగినా 71 శాతం కావాలి. ఈ పద్ధతిలో బలహీనుల మీద కుట్రేమీ లేదు. కానీ ఎవరూ పత్రం పెట్టని సమస్య ఆ గదిలో లేనట్టే లెక్క.

5జీకి ఏ పరీక్షలు పెట్టాలో నిర్ణయించిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, ఐటీయూ, దగ్గర ఇదే కనబడింది. గ్రామీణ ప్రాంతం అనే పేరుతో వేసిన లెక్కలో టవరుకూ టవరుకూ మధ్య దూరం 1,732 మీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే రైల్లోనూ ఫోను పనిచేయాలన్న షరతు ఉంది. అలాంటి రైలు మన దేశంలో ఎక్కడా లేదు. రెండు కిలోమీటర్లకొక టవరు వేసే పల్లెలూ మనకు అరుదే. 2014లో ఏర్పడ్డ మన ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ వాదన సూటిగా ఉంది. ఫైబర్ గ్రామ పంచాయతీ దాకా వస్తోంది కాబట్టి టవరును అక్కడ నిలబెడితే చుట్టుపక్కల ఊళ్లన్నీ అందాలి; జనం నడిచో, నెమ్మదిగా పోయే బండ్లలోనో ఉంటారు; కాబట్టి టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరంతోనూ పరీక్ష పెట్టండి. 2017లో ఐటీయూ దీన్ని ఒప్పుకుంది. అందుకు తగ్గ సాంకేతికత కోసం ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం, ఐఐటీ మద్రాసులో పుట్టిన సెవిట్ సంస్థ పనిచేశాయి. తరంగంలో శిఖరాలు ఎత్తుగా ఉంటే, అవి వక్రీకరణ పాలు కాకుండా ఫోనులోని యాంప్లిఫయరు తన పూర్తి శక్తికంటే తగ్గి పనిచేయాల్సి వస్తుంది. శిఖరాలను చదును చేస్తే అదే యాంప్లిఫయరు గట్టిగా మాట్లాడగలదు. ఈ పద్ధతి 2018లో పూర్తయిన 5జీ తొలి విడత నిబంధనల్లో చేరింది. 3.5 గిగాహెర్ట్జ్ వంటి కొన్ని బ్యాండ్లలో ఫోను 200కు బదులు 400 మిల్లీవాట్ల దాకా పంపే వీలు దానితో వచ్చింది.

అక్కడితో ఆగలేదు. టీఎస్‌డీఎస్ఐ తన మార్పులతో 5జీఐ అనే వేరే ప్రమాణాన్ని ఐటీయూ ముందు పెట్టింది, 2021 ఫిబ్రవరి నాటి 5జీ ప్రమాణాల జాబితాలో దానికి చోటు దక్కింది. స్వదేశీ ప్రమాణం అన్న మాటకు చప్పట్లు పడ్డాయి గానీ, ఎయిర్‌టెల్ వంటి కంపెనీలు బాహాటంగానే హెచ్చరించాయి: ప్రపంచమంతా ఒక దారిలో, మనం ఒక దారిలో పోతే ఫోన్లు ఎవరు తయారుచేస్తారు, ధర ఎంతవుతుంది? కంపెనీలు తమ ఖర్చు చూసుకునే అలా అన్నాయని కొట్టిపారేయవచ్చు. కానీ చైనా అనుభవం కళ్లముందే ఉంది. అంత పెద్ద మార్కెట్ ఉండి కూడా, టీడీ-ఎస్‌సీడీఎంఏ అనే సొంత 3జీ పద్ధతిని 2009లో ప్రభుత్వం చైనా మొబైల్ కంపెనీ నెత్తిన పెడితే, తగినన్ని ఫోన్లు దొరకక ఆ కంపెనీ నానా అవస్థ పడింది. చివరికి 2021 డిసెంబరులో 5జీఐ అంశాలను రిలీజ్ 17 అనే 3జీపీపీ విడత నిబంధనల్లో కలపడానికి ఒప్పందం కుదిరింది. దీన్ని ఓటమి అన్నవాళ్లున్నారు. నా లెక్కలో ఇదే గెలుపు. ప్రత్యేక ప్రమాణంగా ఉంటే మన పల్లెల్లో కొందరికే ఖరీదైన ఫోనుగా మిగిలేది, ఉమ్మడి ప్రమాణంలో చేరింది కాబట్టే ఏ దేశపు చిప్‌లోనైనా ఉండగలిగింది.

ఉండగలిగింది అన్నానే గానీ ఉందనలేదు. మామూలు బ్యాండ్లలో ఈ సౌకర్యం ఫోన్లకు తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. తయారీదారు పెట్టకపోయినా నిబంధన ఉల్లంఘించినట్టు కాదు. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైనప్పుడు కొనేవాళ్లు అడిగింది వేగం గురించే, దూరం గురించి ఎవరూ అడగలేదు. ఇప్పుడు 6జీకి అదే తతంగం సాగుతోంది. 2023లో ఐటీయూ ఒప్పుకున్న చట్రంలో అందరికీ, అంతటా అనుసంధానం అన్నది ఒక లక్ష్యం. 2024 అక్టోబరులో 3జీపీపీ వర్కింగ్ గ్రూపులు కొన్ని హైదరాబాద్‌లోనే కూర్చున్నాయి. మన ఇంజినీర్లకు ఆ గది ఇప్పుడు కొత్త కాదు. అయినా ఉద్దానం తెలుసుకోవాల్సిన హద్దు ఒకటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటలను నేలమట్టం చేసి, కరెంటునూ సెల్‌ఫోన్లనూ మూగబోయేలా చేసినప్పుడు, ఏ తరంగ రూపమూ ఆదుకోలేదు. కరెంటు పోయాక టవరు బ్యాటరీ ఎన్ని గంటలు నిలవాలో, డీజిల్ ఎవరు తేవాలో 3జీపీపీ పత్రాల్లో ఉండదు. అది లైసెన్సు షరతుల్లో రాయించుకోవాల్సింది, అడగాల్సిన చోటు టెలికాం శాఖ.