ఇంటికొచ్చిన గుడ్డు ఎవరి కంచంలోకి?

అంగన్‌వాడీలో వడ్డించే భోజనం తల్లి కడుపులోకే పోతుంది. తెలంగాణలో 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం బలమంతా అందులోనే ఉంది. గర్భిణులు, బాలింతలు మధ్యాహ్నం కేంద్రానికి వచ్చి అన్నం, పప్పు, కూర, గుడ్డు అక్కడే తిని, 200 మిల్లీలీటర్ల పాలు తాగి వెళ్లాలి. టీచరు, ఆయా ఎదురుగానే ఉంటారు. ఇంట్లో అయితే మగవాళ్లు, పిల్లలు, అత్తమామలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే చాలామంది కోడళ్లకు భోజనం.

2020 మార్చిలో కరోనా వచ్చి కేంద్రాలు మూతపడ్డాయి. సరుకులు మాత్రం ఇళ్లకే అందేలా ఏర్పాటు చేశారు. మాస్కులు కట్టుకుని బియ్యం, పప్పు, గుడ్లు, పాలు పంచిన టీచర్లు, ఆయాల శ్రమ చిన్నది కాదు. కానీ గడప దాటిన గుడ్డును ఎవరు తిన్నారో చూసేవాళ్లు లేకుండా పోయారు.

ఏడు నెలలు నిండి మూడేళ్ల లోపున్న బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. ఆ రోజుల్లో అదే ఇంట్లో బడి మూతపడి మధ్యాహ్న భోజనం పోగొట్టుకున్న అక్కో అన్నో ఉండేవారు. బాలామృతం అంటే గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర కలిసిన తియ్యటి పిండి. వేడినీళ్లు పోసి కలిపి ఉండ కడుతుంటే పిల్లలందరూ చెయ్యి చాపుతారు. చిన్నోడికి పెట్టి పెద్దదాన్ని అవతలికి పొమ్మనడం ఏ తల్లికి చేతనవుతుంది? ఆ పొట్లం ఇక నెలాఖరు దాకా ఎలా వస్తుంది?

కొనిపెడదామంటే చేతిలో డబ్బు లేదు. హైదరాబాద్ బస్తీల నుంచి ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లను చాలా అపార్ట్‌మెంట్లు గేటు దగ్గరే ఆపేశాయి. కేంద్ర ప్రభుత్వం మహిళల జన్‌ధన్ ఖాతాల్లో మూడు నెలలు 500 రూపాయల చొప్పున వేసింది. తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డున్న కుటుంబానికి 1500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇస్తే, ఆంధ్రప్రదేశ్ 1000 రూపాయలు ఇచ్చింది. బియ్యం ఆకలిని ఆపింది. ఇంటి కిరాయి, పాలు, కూరగాయలు ఆ కాస్త డబ్బులోనే సర్దుకోవాలి. కరోనాకు ముందే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం!

తిండితోపాటు టీకాలూ వెనకబడ్డాయి. డీపీటీ తొలి డోసు కూడా అందని పిల్లలు 2020లో మన దేశంలో 30 లక్షలు దాటారు. అంతకు ముందు ఏడాది సంఖ్యకు అది రెట్టింపు కన్నా ఎక్కువ.

కంటైన్మెంట్ జోన్ల బయటి కేంద్రాలను తెరవడంపై 2021 జనవరి 31లోగా నిర్ణయం తీసుకోవాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కేంద్రాలు మూసిననాడు ఏడు నెలలున్న బిడ్డకు అప్పటికి ఏడాదిన్నర కావస్తోంది. ముద్ద అలవాటై ఒంట్లో రక్తం పట్టాల్సిన వయసది. బార్లు తెరిచిన కొన్ని నెలలకు గానీ అంగన్‌వాడీల మాట రాలేదు. మళ్లీ ఇలాంటి రోజులొస్తే గర్భిణులకు, బాలింతలకు వండిన అన్నమే ఇంటికి చేర్చి, వాళ్లు తినేదాకా ఆయా అక్కడ ఉండే ఏర్పాటును ప్రభుత్వాలు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.