పాత ఉలికి కొత్త పదును

గురువారం పొద్దున్నే హైదరాబాద్‌లోని జుమేరాత్ బజార్. పురానాపూల్ దగ్గర్లో రోడ్డు వారగా పట్టాలు పరిచేశారు. ఒకదాని మీద పాత టేబుల్ ఫ్యాన్లు, ఇంకోదాని మీద జత తప్పిన బూట్లు, ఆగిపోయిన అలారం గడియారాలు... వాటి మధ్య ఓ పట్టా మీద కుప్పపోసిన ఇనుము! ఉలులు, సుత్తులు, పానాలు, పిడి ఊడిన రంపం, బిగుసుకుపోయిన పైపు రెంచి. దారినపోయే వాళ్లకి అదంతా తుక్కు. ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చున్న వాళ్లకి మాత్రం కాదు. ఒక్కో ఉలినీ తీసి, తుప్పుని బొటనవేలితో రుద్ది, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తారు. నచ్చకపోతే మళ్లీ కుప్పలోకి. నచ్చితే ఆ సంగతి మొహంలో కనపడనివ్వకుండా ‘ఇదెంత?’ అని అడుగుతారు... మరీ ముఖ్యంగా, నచ్చని రెండు వస్తువుల ధర అడిగాక!

జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. సంతకి ఆ పేరే స్థిరపడిపోయింది. ఆదివారమైతే ఎర్రగడ్డ సంత. ముంబయిలో చోర్ బజార్, పుణెలో జూనా బజార్... ప్రతి పెద్ద ఊళ్లోనూ ఇలాంటి చోటొకటి ఉంటుంది. కొత్తగా పని నేర్చుకుంటున్న వడ్రంగి కుర్రాళ్లు, మెకానిక్కులు, ప్లంబర్లు, ఇంట్లో చిన్నాచితకా మరమ్మతులు తామే చేసుకునే ఉద్యోగులు వీటికి ఖాయం ఖాతాదారులు. అందరిదీ ఒకటే ఆశ... తక్కువ డబ్బుతో గట్టి పనిముట్టు.

ఆ ఆశ తీరడం మాత్రం జేబులో ఉన్న డబ్బుని బట్టి కాదు, కంటికున్న అనుభవాన్ని బట్టి. తెలిసి కొంటే నూరు రూపాయల ఉలి నాలుగు తరాలు పనిచేస్తుంది. తెలియక కొంటే అదే నూరు రూపాయలకి తుక్కు కొని ఇంటికి తెచ్చుకున్నట్టే.

తుప్పుని చూసి భయపడొద్దు

కొత్తగా వెళ్లేవాళ్లు చేసే మొదటి తప్పు తళతళలాడే వస్తువుని ఎంచుకోవడం. పాత సామాను అమ్మేవాళ్లలో చాలామంది ఇనుమునంతా గ్రైండరు మీద పెట్టి మెరిపించేస్తారు. ఆ మెరుపు వెనక ఏం పోయిందో కనపడదు. ఉలి కొసన నీలిరంగు చార గానీ ఉందంటే అనుమానించాల్సిందే. ఉక్కు మూడొందల డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే ఆ రంగు వస్తుంది. అంత వేడికి దాని గట్టిదనం తగ్గిపోతుంది. అలాంటి ఉలికి పదును పెట్టిన పది నిమిషాలకే మొద్దుబారిపోతుంది. మెరుగు పెట్టేవాడు ఆ నీలాన్ని కూడా రుద్దేస్తే ఇక కొనేవాడి కర్మ.

ఎర్రగా పైపైన పట్టిన తుప్పు పెద్ద లెక్కలోది కాదు. ఒక రాత్రి వెనిగర్‌లో నానబెడితే వదిలిపోతుంది. చూడాల్సింది గుంటల్ని. ఉలికి ఏటవాలుగా ఉండే వైపు కాదు, దాని వెనకవైపు నున్నగా ఉండాల్సిన చోట, అదీ కొసకి దగ్గర్లో తుప్పు లోతుగా తినేసిందంటే ఆ వస్తువుని వదిలేయడమే మేలు. ఎంత నూరినా అంచు రంపం పళ్లలా గంట్లు పడుతూనే ఉంటుంది.

రంపాన్ని తుపాకీ గురిపెట్టినట్టు కంటి ఎదురుగా పట్టుకుని పొడవునా చూడాలి. విల్లులా కాస్త వంగి ఉంటే సరిచేయొచ్చు. ఒకచోట మడత పడి ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి. సుత్తి అయితే దెబ్బతినే మొహం చూడాలి. అంచులు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే, కొట్టినప్పుడు ఆ ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. బెంచి వైసు, రందా లాంటి పోత ఇనుప వస్తువుల్ని వేలితో మీటి వినాలి. ఖణేల్‌మంటే మంచిది. పగిలిన కుండలా బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. సంతలో ఈ మాటలన్నీ గుర్తుంచుకోలేమనుకునే వాళ్లు జేబులో ఓ చిన్న ఆకురాయి వేసుకెళ్తే చాలు. ఉలి కొసకి దగ్గర్లో మెల్లగా గీసి చూస్తే, ఆకురాయి జారిపోతుంటే ఉక్కు గట్టిది. వెన్నలా తినేస్తుంటే మెత్తది. అమ్మేవాడి అనుమతి అడిగి గీయాలి సుమా!

కొలిచే పరికరాల సంగతి ఇంకా తేలిక. వెర్నియర్ కాలిపర్స్ రెండు దవడల్నీ మూసి సూర్యుడి వైపు పెట్టి చూడాలి. మధ్యలోంచి వెలుతురు సన్నగా కూడా రాకూడదు, గీత సరిగ్గా సున్నా మీద నిలవాలి. హైదరాబాద్‌లో ఇలాంటి సామాను సంతకి రావడంలో వింతేం లేదు. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ మొదలైన ఊరిది. ఫ్యాక్టరీలో చేసినవాళ్ల ఇళ్లలో మంచి పనిముట్టు ఒకటైనా ఉండేది.

రందాకో కథ

ఇనుప రందాల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే నమూనా అమెరికన్‌ది. లియోనార్డ్ బెయిలీ అనే ఆయన 19వ శతాబ్దంలో రూపొందించాడు. వెనకున్న చిన్న చక్రాన్ని తిప్పితే బ్లేడు పైకీ కిందకీ కదులుతుంది. పుల్లలాంటి మీటని జరిపితే పక్కలకి సర్దుకుంటుంది. స్టాన్లీ కంపెనీ 1869లో ఆయన వ్యాపారాన్ని కొనేసింది. ఆ తర్వాత ఇంగ్లండులోనూ మన దేశంలోనూ ఎందరో అదే నమూనాని అచ్చుగుద్దినట్టు చేశారు. కొనేవాళ్లకి అదే కలిసొచ్చింది. నాలుగో నంబరు రందాకి ఉండే రెండంగుళాల బ్లేడు ఊడిపోయినా, విరిగినా కొత్తది తెచ్చి చాలావరకు సర్దుకోవచ్చు. నూటయాభై ఏళ్ల కిందటి నమూనాకి ఇవాళ విడిభాగం దొరుకుతోంది. ఐదేళ్ల కిందటి సెల్‌ఫోనుకి దొరకట్లేదు!

మన పాతకాలపు వడ్రంగులు వాడింది చెక్కదిమ్మలో బ్లేడు బిగించిన రందా. నేల మీద కూర్చుని, చెక్కని కాలి వేళ్లతో అదిమిపట్టి చిత్రిక పట్టేవారు. బరువైన ఇనుప రందాకి నడుమెత్తు బల్ల కావాలి. బల్ల లేకుండా దాన్ని కొని ‘ఇది పనికిరాదు’ అని మూలన పడేసేవాళ్లు ఎక్కువ. తప్పు రందాది కాదు.

ఇక ఉక్కు. ఊరి కమ్మరి చేసిన బాడిసా ఉలీ చూస్తే వాటి మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. చాలావరకు అవి లారీ కమాను పట్టీలోంచో, అరిగిపోయిన ఆకురాయిలోంచో పుట్టినవి. కమాను పట్టీ దెబ్బకి ఓర్చుకుంటుంది. ఆకురాయి ఉక్కు సన్నని పదునుని ఎక్కువసేపు నిలుపుతుంది. ఏ పనికి ఏది తీసుకోవాలో కమ్మరికి తెలుసు. ముద్ర లేదని వాటిని చులకనగా చూసేవాళ్లు మంచి సరుకు వదులుకున్నట్టే.

అసలు ఉక్కుని చూసి కొనడమన్నది మన నేలకి కొత్తేం కాదు. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారయ్యే ఉక్కు ముద్దల కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో ఆ ఊరు వెళ్లిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు అక్కడి కొలుముల గురించి రాసిపెట్టాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు కొలిమి దగ్గరే ఉండి సరుకు తయారీని చూసుకోవడం ఆయన కంటపడింది. అన్ని వందల మైళ్లు వచ్చినవాడు మాటలు నమ్మి డబ్బిస్తాడా మరి!

ఈ పెట్టె ఎవరిది?

బేరం కుదిరిన సంతోషంలో చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది. ఈ వస్తువు ఇక్కడికెలా వచ్చింది?

కొన్నిటి కథ పిడి మీదే ఉంటుంది. నిప్పుతో కాల్చిన రెండక్షరాలో, మేకుతో చెక్కిన గుర్తో. ఓ పెద్దాయన ముప్పై, నలభై ఏళ్లు పట్టుకోగా అరచేతి ఆకారంలో అరిగిన కర్ర. ఆయన పోయాక పిల్లలెవరూ ఆ పనిలో లేరు. ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టె మొత్తాన్ని పాత ఇనుం వాడికి వేసేస్తారు. కాటా మీద ఉలికీ, విరిగిన కిటికీ ఊచకీ తేడా లేదు... కిలోకి ఇన్ని రూపాయలంతే. దసరాకి పసుపు, కుంకుమ అద్దుకున్న పనిముట్లు అలా తూకానికి వెళ్లిపోతాయి. సంత వ్యాపారి చేసేదల్లా కుప్పలోంచి పనికొచ్చేవి ఏరి తీయడం. ఆ ఏరివేతకే లాభం. అందులో తప్పేముంది? అతను ఏరకపోతే అవి నేరుగా కరిగించే కొలిమికే పోయేవి.

ఇంట్లో అలాంటి పెట్టె ఉన్నవాళ్లు తూకానికి వేసే ముందు ఒక్కసారి వీధి చివర పనిచేసే వడ్రంగిని పిలిచి చూపిస్తే బాగుంటుంది. తుక్కు ధరకి రెండింతలిచ్చి పట్టుకెళ్లే కుర్రాడు దొరకొచ్చు. కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల వాళ్లకి పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా సాయం ఉంది. అయినా పని నేర్చుకునే దశలో ఉన్నవాడికి సీనియర్ వాడిన రందా చేతికందడం వేరు.

అన్నీ ఇంత శుభ్రంగా రావు. కట్టుబడి జరుగుతున్న ఇంట్లోంచి రాత్రికి రాత్రి మాయమైన డ్రిల్లింగ్ మిషన్లు, సంచితో సహా పోయిన ప్లంబరు సామాను కూడా ఎక్కడో ఒకచోట తేలతాయి. పనివాడికి సంచి పోయిందంటే డబ్బు ఒక్కటే కాదు, మర్నాటి కూలి కూడా పోయినట్టే. కొత్త మిషను నంబరు గీకేసి ఉన్నా, అసలు ధరలో పదో వంతుకే ఇస్తానన్నా, పట్టా మీద కాకుండా పక్క సందులోకి రమ్మన్నా అది బేరం కాదు. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు. ఆ పెద్దాయన ఉలి తుప్పుతో వస్తుంది. దొంగ మిషను తళతళలాడుతూ వస్తుంది. సంతలో మెరుపుని నమ్మొద్దనడానికి ఇదింకో కారణం.

ఇంటికొచ్చాక అసలు పని

సంతలో ఇచ్చింది సగం ధరే. మిగతా సగం చేతులతో కట్టాలి.

ముందు వెనిగర్ స్నానం. పిడి తీసేసి ఇనుప భాగం మాత్రమే మునిగేలా ఓ రాత్రి ఉంచి, మర్నాడు పాత బ్రష్షుతో తోమి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టాలి. రెండు మూడు రోజులు అలాగే మర్చిపోతే వెనిగర్ తుప్పుతో పాటు ఉక్కునీ తినడం మొదలెడుతుంది. వెనిగర్ లేకపోతే చింతపండు గుజ్జు ఉండనే ఉంది. ఇత్తడి బిందెలు తోమిన చేతులకి ఇది కొత్త పాఠమేం కాదు. కాస్త ఆలస్యమవుతుందంతే.

తర్వాత పదును. మందపాటి గాజు పలక మీద నీటి ఉప్పుకాగితం పరిచి, ఉలి వెనకవైపు అద్దంలా అయ్యేదాకా రుద్దాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి ఏటవాలునే నూరుతూ కూర్చుంటారు. పదునంటే రెండు నున్నటి తలాలు కలిసేచోటు. ఒకటి గరుకుగా ఉంటే రెండోది ఎంత నూరినా ఒకటే. ఏటవాలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే చెక్కపనికి సరిపోతుంది. మోటారు చక్రం మీద పెడితే క్షణానికోసారి నీళ్లలో ముంచాలి... ఆ నీలిరంగు గుర్తుందిగా!

పిడి కర్రకి అవిసె నూనె పట్టిస్తే మళ్లీ జీవం వస్తుంది. నూనె తుడిచిన గుడ్డని మాత్రం ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, ఉండలా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. బయట తీగ మీద పరిచి ఆరేయాలి. ఇనుముకి తేమ తగలకుండా పలచగా ఏదైనా మెషిన్ ఆయిల్ రాస్తే చాలు.

ఇంత కష్టం దేనికి, మిషన్లున్నాయిగా అంటారు. నిజమే. పది తలుపులు చేసే వడ్రంగికి చేతి రందా ఇవ్వడం దండగ. కానీ శ్రావణంలో పడక్గది తలుపు ఉబ్బి, మూసుకోక మొరాయిస్తుంది చూడండి... అప్పుడు మిషను తెప్పించి, వైరు లాగి, ఇల్లంతా రంపపు పొట్టు నింపక్కర్లేదు. పదునైన రందాతో రెండు జాడింపులు. ఉల్లిపొరలాంటి చెక్కసుడి కింద పడుతుంది, తలుపు మూసుకుంటుంది. ఆ సుడిని దాచుకునే పిల్లలున్న ఇళ్లు కూడా ఉన్నాయి.

మళ్లీ జుమేరాత్ బజార్. ఎండ ముదిరి సంత పలచబడుతుంది. పొద్దున ఏరిన ఉలులు చాలావరకు కొత్త చేతుల్లోకి వెళ్లిపోయాయి. మిగిలిన వాటిని వ్యాపారి గోనెసంచిలో వేసి మూతి బిగిస్తాడు. వచ్చే గురువారం అవి మళ్లీ పట్టా ఎక్కుతాయి. రెండు మూడు వారాలు ఎవరూ ముట్టుకోనివి మాత్రం తుక్కు దుకాణం కాటా మీదకి వెళ్తాయి, ఈసారి తిరిగి రాకుండా. సంచి కట్టేవేళకి వచ్చినవాళ్లకే ధర బాగా దిగుతుంది. మంచి వస్తువు మిగిలి ఉంటే!