కారులో సంగీతం: వాట్టుల లెక్క, రూపాయల లెక్క

ప్రొద్దుటూరులో బంగారం కొనేవారు తూకం ఒక్కటే చూచి డబ్బు చెల్లించరు. నగ ఎన్ని గ్రాములున్నదో చూచిన తరువాత, అందులో మేలిమి ఎంత, కలిపిన రాగి ఎంత అని అడుగుతారు. వన్నె తేలిన పిమ్మటనే ధర తేలుతుంది. కాని అదే మనిషి తన కారులో పాటల పరికరాలు బిగించుకొనడానికి అంగడికి పోయినపుడు ఈ జాగ్రత్త మరచిపోతాడు. పెట్టెమీద పెద్ద అంకెలతో అచ్చువేసిన వాట్టుల సంఖ్య చూచి, ఎక్కువ వాట్టులున్నదే మేలైనదని తీసుకొంటాడు. ఇక్కడ వాట్టు తూకం వంటిది. దాని వన్నె వేరొక పరీక్షవల్ల తెలియవలె. ఆ పరీక్షకు ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రం చాలు.

కారులో సంగీతం నేటి వింత కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు ‘మోటరోలా’ అనే పేరుతో కారు రేడియోను అమ్మకానికి పెట్టారు. 1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న కాసెట్టును ప్రవేశపెట్టింది. తరువాత కాంపాక్ట్ డిస్కు వచ్చింది. ఇప్పుడు పాట సెల్‌ఫోను నుండి వస్తున్నది. పాట వచ్చే దారి మారినా తక్కిన వరుస మారలేదు. స్టీరియో పాటను విద్యుత్సంకేతంగా అందిస్తుంది. ఆంప్లిఫయరు, అనగా వర్ధకం, ఆ సంకేతానికి బలం చేకూరుస్తుంది. స్పీకరు దానిని గాలిలో కంపనంగా మారుస్తుంది. వీటన్నిటికీ కావలసిన శక్తి బ్యాటరీ నుండి తీగల ద్వారా వస్తుంది. ఈ వరుసలో ఏ ఒక్కటి కొరవడినా, మిగిలినవాటిపై పెట్టిన ఖర్చు నిష్ఫలమే.

వాట్టులకు వన్నె పరీక్ష

సాధారణమైన స్టీరియో పెట్టెమీద ‘50 వాట్టులు, నాలుగు స్పీకర్లకు’ అని ఉంటుంది. ఇది ఎంతవరకు సాధ్యమో లెక్క కట్టి చూడవచ్చు. ఇంజను నడుస్తున్నపుడు కారులో లభించే వోల్టేజి సుమారు 14.4 వోల్టులు. స్టీరియోలో ఇమిడి ఉన్న వర్ధకం తరంగశిఖరాన్ని దీనికి మించి లేపలేదు. శిఖరం 14.4 వోల్టులైతే, సైను తరంగం యొక్క ప్రభావక విలువ 14.4ను 1.414తో భాగించగా వచ్చే 10.2 వోల్టులు. కారు స్పీకరు నిరోధం సాధారణంగా 4 ఓములు. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది కనుక, ఒక్కొక్క స్పీకరుకు అందగలిగేది 26 వాట్టులు. వర్ధకంలోని నష్టాలు పోగా నికరంగా మిగిలేది 20 వాట్టులకు కొంచెం అటూ ఇటూ.

మరి 50 ఎక్కడ నుండి వచ్చింది? ధ్వనిని విపరీతంగా పెంచితే తరంగశిఖరాలు తెగి, తరంగం చదునుగా, నలుపలకలుగా మారుతుంది. అప్పుడు 14.4 వర్గాన్ని 4తో భాగిస్తే 52 వాట్టులు వస్తుంది. అనగా పెట్టెమీది అంకె పాట గరగరలాడి వినరానిదైన స్థితికి చెందిన లెక్క. కొనేవారు చూడవలసినది ‘ఆర్.ఎం.ఎస్.’ అనే అక్షరాల పక్కనున్న అంకెను. మరొక పరీక్ష కూడా ఉన్నది. చాలా స్టీరియోల వెనుక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 14.4ను 10తో గుణిస్తే 144 వాట్టులు. లోనికి పోయేదే అంత అయినపుడు, ఎడతెగకుండా 200 వాట్టులు బయటికి రావడం ఎట్లా సాధ్యం?

పోనీ, వాట్టులు నిజంగానే రెట్టింపైనవనుకొందాం. అప్పుడు ధ్వనితీవ్రత పెరిగేది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి ధ్వని రెండింతలుగా తోచడానికి సుమారు 10 డెసిబెల్లు పెరగవలె. అందుకు పదిరెట్లు వాట్టులు కావలె. దీనికంటె చౌకైన మార్గం ఉన్నది. ప్రతి స్పీకరుకు ‘సెన్సిటివిటీ’ అనే గుణం ఉంటుంది. ఒక వాట్టు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిచినపుడు వచ్చే డెసిబెల్లే ఆ అంకె. 91 డెసిబెల్ల స్పీకరుకు 25 వాట్టులిస్తే, 88 డెసిబెల్ల స్పీకరుకు 50 వాట్టులిచ్చినంత ధ్వని వస్తుంది. కాబట్టి తక్కువ డబ్బు ఉన్నవారు ముందు చూడవలసినది స్పీకరును, వర్ధకాన్ని కాదు.

నాపరాయి, తలుపు రేకు

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో ఇంటికి నాపరాళ్లు పరుస్తారు. ఆ బండను వేలితో తట్టితే పొడి చప్పుడు మాత్రమే వస్తుంది. కారు తలుపును తట్టితే డబ్బా మోగినట్లు మోగుతుంది. బరువు, బిగువు ఉన్న వస్తువు సులభంగా కంపించదు. పలుచని రేకు కంపిస్తుంది. స్పీకరును అటువంటి రేకుకే బిగిస్తున్నాము. పాటతోబాటు తలుపు కూడా పాడడం మొదలుపెడుతుంది.

మరొక చిక్కు ఉన్నది. స్పీకరు పొర ముందుకు కదిలినపుడు ముందున్న గాలి ఒత్తుకొంటుంది, వెనుకనున్న గాలి పలుచబడుతుంది. తలుపులో కంతలుంటే ఈ రెండూ కలిసి ఒకదానినొకటి రద్దు చేసికొంటాయి. ముఖ్యంగా మంద్రస్వరాలు పోతాయి. ‘ఈ స్పీకరులో బేస్ లేదు’ అని మార్చివేసేవారిలో పలువురు నిజానికి మార్చవలసినది తలుపును. లోపలి రేకుకు బ్యూటైల్ రబ్బరు షీట్లు అంటించి, కంతలు మూసి, స్పీకరును గట్టి వలయంపై బిగిస్తే, ఆ స్పీకరే కొత్తదానివలె పలుకుతుంది. అయితే తలుపు అడుగున వాననీరు పోయే రంధ్రాలను మూయరాదు; మూస్తే తుప్పు పడుతుంది.

చీనీ తోట చెప్పే పాఠం

పులివెందుల ప్రాంతంలో చీనీ, అరటి తోటలకు బిందుసేద్యం చేసే రైతులకు ఒక సంగతి బాగా తెలుసు. మోటారు ఎంత పెద్దదైనా, పైపు సన్నదైతే చివరి చెట్టుకు నీరు చాలదు. విద్యుత్తుకూ ఇదే వర్తిస్తుంది. వేరుగా వర్ధకం పెట్టినపుడు బ్యాటరీ నుండి దానికి సుమారు 5 మీటర్ల తీగ కావలె. 2 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ అయితే దాని నిరోధం 0.0425 ఓము. 40 ఆంపియర్లు పారితే 1.7 వోల్టులు తీగలోనే నశిస్తాయి; తీగ వేడెక్కుతుంది. 8 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం అర వోల్టు కూడా ఉండదు.

రాగిపూత పూసిన అల్యూమినియం తీగ కూడా రాగితీగ పేరుతో అమ్ముడుపోతుంది. అల్యూమినియం విశిష్ట నిరోధం రాగికంటె సుమారు 1.6 రెట్లు. పోగును కత్తితో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఇదీ వన్నె పరీక్షే. ఇక తీగకు తగిన ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా, మూర దూరంలోపలే పెట్టవలె. తీగ ఎక్కడైనా ఒరిసికొని కారు ఇనుమును తాకితే, ప్రవాహాన్ని ఆపి మంట లేవకుండా కాపాడేది ఆ ఫ్యూజు ఒక్కటే. డబ్బు ఎంత తక్కువైనా దీనిని మానరాదు.

పది భాగాల పంపకం

ఉన్న డబ్బును పది భాగాలు చేస్తే, ముందు తలుపుల స్పీకర్లకు నాలుగు, తలుపులకు ఒకటి, నాలుగు మార్గాల చిన్న వర్ధకానికి మూడు, తీగలకు, ఫ్యూజుకు ఒకటి, బిగింపు కూలికి ఒకటి కేటాయించవచ్చు. వర్ధకానికి డబ్బు చాలకపోతే దానిని తరువాతకు వాయిదా వేయవచ్చు. మంచి స్పీకరుకు స్టీరియోలోని 20 వాట్టులే చాలినంత పని చేస్తాయి. కారుతో వచ్చిన స్టీరియో బాగుంటే మార్చనక్కరలేదు. వినేవారు ముందుకు చూచి కూర్చొంటారు కనుక వెనుక స్పీకర్లకు తొందర లేదు.

సబ్‌వూఫరు చివరి మెట్టు. 40 డిగ్రీల ఎండలో ధ్వని సెకండుకు 355 మీటర్లు పోతుంది. 50 హెర్ట్జ్ స్వరానికి తరంగదైర్ఘ్యం 7.1 మీటర్లు. కారు లోపలి పొడవు ఇందులో సగమైనా ఉండదు. అందుచేత మంద్రస్వరాలకు కారు లోపలి గాలి మొత్తం ఒకేసారి ఒత్తుకొని, ధ్వని తనంతట బలపడుతుంది. పెద్ద హాలులో చాలని పది అంగుళాల సబ్‌వూఫరు ఒక్కటే మూసిన పెట్టెలో ఉంటే కారుకు చాలు.

చివరకు చెవి సంగతి. అమెరికా వృత్తిఆరోగ్య పరిశోధన సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్ల ధ్వనిని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలం సగమవుతుంది. 100 డెసిబెల్లైతే 15 నిమిషాలే. రోజంతా బండి నడిపే అద్దెకారు డ్రైవరుకు ఇది చిన్న విషయం కాదు; లోచెవిలో నశించిన రోమకణాలు మనిషికి తిరిగి పుట్టవు. మనదేశంలో 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లను హద్దుగా నిర్ణయించాయి. మంచి స్పీకరు, గట్టి తలుపు ఉన్న కారులో పాట స్పష్టంగా వినిపించడానికి పెద్ద ధ్వని అవసరం ఉండదు. డబ్బు ఆదా, చెవి క్షేమం రెండూ అక్కడ ఒకటవుతాయి.